అవ్వ ఐదు పాటల పొద్దు

మా చిన్నప్పుడు... ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ, ఎప్పుడు చూసినా నాలుగుంబావు దగ్గరే నిలబడి ఉండేది. అవ్వ దాన్ని వారానికోసారి శ్రద్ధగా తుడిచేది. టైం మాత్రం ఏనాడూ చూసేది కాదు. ఆమెకు ఐదు పాటలు చాలు.

కోటగిరి దగ్గర కాలువ పక్క ఊరు మాది. అమ్మా బాపు చెరకు కొట్టడానికి ఎడపల్లి వైపు పోతే సీజను అయ్యేదాకా అక్కడే. ఇంట్లో నేనూ, అవ్వా.

పని చేస్తూ చర్చి పాటలు పాడుకునే అవ్వలు చాలామందే ఉంటారు. మా అవ్వ పాటతో పనిని కొలిచేది! మొదటి పాట అయ్యేసరికి వాకిలి ఊడ్చి పేడనీళ్ళ సాన్పి చల్లడం అయిపోవాలి. రెండో పాటకు పొయ్యి అంటుకుని సర్వలో ఎసరు మరగాలి. మూడోది పెద్ద పాట... అది పూర్తయితే అన్నం ఉడికినట్టే, గంజి వంచేయడమే. చాయ్‌కి మాత్రం నాలుగో పాటలో మూడు చరణాలు, మిగతాది తాగుతూ పాడేది. ఐదో పాటకు నా రెండు జడలు. చివరి మాట దగ్గర రిబ్బను ముడి పడేది. బయటికి రాగానే రోడ్డు మలుపులో బోధన్ బస్సు...

ఆమె అసలు ఎన్నింటికి లేచేదో, ఎలా లేచేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక నా పదో తరగతి పరీక్షల మొదటి రోజు. సెంటర్ బోధన్‌లో పడింది. ఆరున్నర బస్సు తప్పితే మళ్ళీ పదింటికే. అంటే పరీక్ష పోయినట్టే. మా ఇంట్లో పదోది దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. రాత్రంతా గుబులుతో హాల్ టికెట్టు తీసి చూసుకుంటూనే ఉన్నాను.

చీకట్లోనే అవ్వ నా అరికాలు తట్టి లేపింది. నోరు తెరిచింది... గొంతు రాలేదు. జలుబు చేసి పూర్తిగా పూడుకుపోయింది. చేత్తో సైగ చేసింది, నువ్వే పాడమని.

పాడాను. పాట లేకపోతే అన్నం ఎప్పుడు దించాలో నాకేం తెలుసు? కానీ మనసంతా బస్సు మీదే ఉంది కదా... పాటను పరుగులు పెట్టించాను. భయానికి గొంతు కూడా పెద్దదైంది. అవ్వ "నిదానం, నిదానం" అని చేతులూపుతూనే ఉంది. నేను చూస్తే కదా!

అన్నం పలుకు పలుకుగా ఉంది. చాయ్ పచ్చివాసన. జడలు ఒకటి పైకి, ఒకటి కిందికి. సంచీ పట్టుకుని అవ్వతో రోడ్డు మీదికి ఉరికితే ఇంకా చిమ్మచీకటే.

చిత్రమేంటంటే... అక్కడ మేమిద్దరమే లేము. పసుపు ఏరడానికి పోయే ఆడవాళ్ళు ఐదారుగురు సద్దిగిన్నెలతో నిలబడి ఆవులిస్తున్నారు. కాలువ వైపు నుంచి మా పక్కింటి గంగారాం కాక పార భుజాన వేసుకుని రుసరుసలాడుతూ వచ్చాడు.

"ఏందే బిడ్డా, ఇయ్యాల మీ అవ్వకు గింత తొందరేంది? మూడో పాట అయ్యిందని నేను పోయి నా మడికి నీళ్ళు తిప్పుకున్న. ఇంకా పై పొలమోళ్ళ నీళ్ళ వంతే నడుస్తుందట! తిట్టుడు తిట్టిండ్రు!"

"అవ్వ గాదు కాకా... నేనే పాడిన."

ఒక్క క్షణం అందరూ నన్నే చూశారు. తర్వాత ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా అవ్వ గొంతుతో మా ఇల్లే నడుస్తుందనుకున్నాను. వాడ మొత్తం నడుస్తోందని ఆ రోజే తెలిసింది.

అవ్వ నన్ను అక్కడే కల్వర్టు మీద కూర్చోబెట్టి జడలు విప్పింది. బొంగురుగా గుసగుసలాడింది.

"గట్ల ఉరికిస్తవా పాటను? బియ్యం ఉడకాలె కద బిడ్డా..."

పసుపుకు పోయే వాళ్ళలో ఒకామె మొదటి పాట ఎత్తుకుంది. అవ్వ పాడినట్టే, నిదానంగా. మిగతావాళ్ళూ కలిశారు. గంగారాం కాక కూడా! ఏనాడూ చర్చి మెట్టెక్కని మనుషులు... ఐదు పాటలూ ఒక్క మాట తప్పకుండా పాడుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. నా గుబులు ఎటు పోయిందో తెలియదు. సరిగ్గా చివరి మాట దగ్గరే అని చెప్పను గానీ, రిబ్బను ముడి పడుతుండగానే మలుపులో బస్సు లైటు కనిపించింది.

పరీక్ష రాశాను. పాసయ్యాను. ఈ రోజు టౌన్లో, కంఠేశ్వర్‌లో పిల్లలకు పాఠాలు చెబుతున్నానంటే ఆ బస్సు దొరకబట్టే.

మొన్న ఫోన్‌లో వీడియో పెడితే ఒకాయన పొద్దున్నే లేచి ఏమేం చేస్తే రోజంతా హుషారుగా ఉంటామో గంటసేపు చెప్పాడు. విన్నంతసేపూ అవ్వే గుర్తొచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, బడి మొహం చూడని మనిషి, ఒక వాడను హుషారుగా నిద్ర లేపేది...

అవ్వ పోయినప్పుడు మట్టి చేసి వచ్చాక రెండు రోజులు వాడంతా ఆలస్యంగా లేచింది. గంగారాం కాక గుమ్మంలో నిలబడి, "తెల్లారిందని మాకు ఇగ ఎవలు చెప్తరు బిడ్డా?" అని తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు.

మూడో రోజు నేను చీకట్లోనే లేచి వాకిట్లోకి వచ్చాను. చీపురు పట్టుకుని మొదటి పాట ఎత్తుకున్నాను. ఈసారి తొందరపడలేదు. ఒక్కో ఇంట్లో దీపం వెలుగుతుంటే ఏడుస్తూనే ఐదూ పాడాను.

ఇప్పుడు ఆ వాడలో ఇంటికి మూడు ఫోన్లు. ఎవరి అలారం వాళ్ళది, ఎవరి పొద్దు వాళ్ళది. నేను మాత్రం ఇప్పటికీ చాయ్ మూడు చరణాలకే దించుతాను...

మీ ఇంట్లో తెల్లవారిందని ఎవరి గొంతు చెప్పేది? గుర్తుంటే కింద రాయండి... ఆ గొంతు ఇంకా మీ ఇంట్లోనే ఉంటే, రేపు ఒక్కరోజు అలారం కట్టేసి వినండి.