ఖాళీ సమయం కింద రాసింది

ఆసుపత్రిలో బిల్లుల కిటికీ వెనక కూర్చున్నన్నాళ్లూ ఆ అకౌంటెంటుకు మనుషుల కొరత లేదు. బిల్లు చూసి ఏడ్చేవాళ్లు, తిట్టిపోసేవాళ్లు, మనవరాలు పుట్టిందని మిఠాయి చేతిలో పెట్టేవాళ్లు. డబ్బంతా ఫోన్లలోంచే రావడం మొదలయ్యాక కిటికీ మూసేసి, ఆయన్ను పై అంతస్తు గదిలో కూర్చోబెట్టారు. ఇక వచ్చిన డబ్బు లెక్కపెట్టడం కాదు, ఏ పనికి ఎంత ఖర్చవుతోందో తేల్చాలట. హోదా పెరిగింది గానీ పలకరించే నాథుడు లేడు. భార్య పోయి చాలా కాలమైన మనిషి. ఇంటి దగ్గర మాత్రం ఎవరున్నారు గనక?

అందుకే, వార్డులో ఎవరు ఏ పనికి ఎంతసేపు తీసుకుంటున్నారో దగ్గరుండి చూసి రాయమన్నప్పుడు లోలోపల ఎగిరి గంతేశాడు. ఒక ఆయా వెంట పడ్డాడు. ఆమె దుప్పట్లు మారుస్తుంటే గడియారం చూడటం, రాయడం. పని తెమిలాక ఆమె రెండు టీలు తెచ్చి మెట్ల మీద కూర్చునేది.

"ఏం సార్, పొద్దున ఏమన్నా తిన్నారా లేదా? మొహం అలా పీక్కుపోయిందేంటి?"

ఆ మాట ఆయన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. రెండు రోజుల్లో అయిపోవలసిన పనిని వారాల తరబడి సాగదీశాడు మహానుభావుడు. లెక్క అంటే లెక్కే కదా, ఆ కూర్చున్న సేపంతా ఆమె పేరు మీద "ఖాళీ సమయం" కింద రాసుకుపోయాడు.

నివేదిక చూసి మేనేజరు ఆయా పేరు మీద వేలు పెట్టాడు. "ఈమెకు ఇంత ఖాళీయా? తీసేద్దాం. మిగతావాళ్లు సర్దుకుంటారు."

అకౌంటెంటు గబుక్కున నివేదిక తన వైపు లాక్కున్నాడు.

"ఆ ఖాళీ ఆవిడది కాదండి, నాది. నేనే కూర్చోబెట్టేవాణ్ణి" అన్నాడు.

"ఎందుకు?"

"మాట్లాడ్డానికి."

మేనేజరు ఇబ్బందిగా నవ్వాడు. పాపం, చెడ్డవాడేం కాదు. ఆయా ఉద్యోగం నిలిచింది. అయితే ఇక ఎవరూ వార్డుల్లో తిరగనక్కర్లేదని, సిబ్బంది మెడలోని కార్డులే సమయం రాసుకునేలా యంత్రాలు పెట్టించాడు.

ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడితే ఆయా ఆగలేదు. "ఆగితే లెక్కలో పడుతుందట సార్, వెళ్తా" అని నడుస్తూనే అంది.

నెలాఖరుకు పట్టిక తెర మీదికి వచ్చింది. ఆయా వరుసలో ఖాళీ సమయం సున్నా. అది మంచి ఫలితమని పైవాళ్లకు రాయవలసింది ఆయనే. రాశాడు. రాసి, ఎవరూ లేని ఆ గదిలో వెక్కివెక్కి ఏడ్చాడు.