నాలుగు గళ్లలో ఆయన పేరు

వారపత్రికలో పదాలు నింపే గళ్ల పేజీ కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అందరికీ అది పొద్దుపోని వేళ ఆట. నాకు మాత్రం అది నా చదువును మింగిన పేజీ.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను కడప నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. మాది బట్టల అంగడి. మా మామకు అంగడి మీద ఎంత ధ్యాసో, వారపత్రికలో వచ్చే గళ్ల పోటీ మీద అంత ధ్యాస. మధ్యాహ్నం భోజనమయ్యాక పడసాలలో కూర్చొని ఆధారాలు పైకి చదివేవాడు. ఎదుట పడి మాట్లాడకూడదు కాబట్టి నేను వంటింటి తలుపు వెనక నుంచి జవాబు చెప్పేదాన్ని. ఆ ఆధారాలు తిన్నగా ఉండేవి కావు. ‘తీగ తిరగబడి నెత్తికెక్కింది’ అని ఉండేది. తీగ అంటే లత, తిప్పి చదివితే తల. మామ గంటసేపు గడ్డం గోక్కునే వాటిని నేను చారుకు పోపు పెట్టేలోపు విప్పేదాన్ని. తప్పుల్లేకుండా నింపినవాళ్ల పేర్లలో ఆయన పేరు పడేది. ఆ పత్రికను అంగడికి తీసుకుపోయి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. తలుపు వెనక ఒక మనిషి ఉందని ఎవరికీ చెప్పలేదు.

నన్ను ఫోర్త్ ఫారంతో బడి మానిపించి పెళ్లి చేశారు. రాజధాని ఊరు కాబట్టి చేతిలో సంచితో బడికి పోయే పంతులమ్మలు మా వీధిలోనే కనపడేవాళ్లు. ఎస్సెస్సెల్సీ పరీక్ష ప్రైవేటుగా రాస్తే నేనూ అలా పోవచ్చని ఆశ పుట్టింది. ధైర్యం చేసి తలుపు వెనక నుంచే అడిగాను. మామ వెంటనే కాదనలేదు. ఆ వారం పత్రికలో పండుగ ప్రత్యేకమని చాలా కష్టమైన గళ్లు వచ్చాయి.

“ఈ తూరి ఒక్క తప్పు ల్యాకుండా నింపు. ఫీజు నేను కడతా, పరీక్ష రాసుకో” అన్నాడు.

ఆయన సరుకు కోసం ఆదోనికి పోయిన రెండు రోజులూ పత్రిక నా దగ్గరే ఉంది. పొయ్యి దగ్గరా, బావి దగ్గరా అవే ఆధారాలు నెమరేసుకున్నాను. చివరికి నిలువు గళ్లు నాలుగు మిగిలాయి. వాటి జవాబు ఒక దేవుడి పేరు. మా ఆయనకు పెట్టిన పేరూ అదే.

మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు, వస్తే ఆయుస్సు తగ్గుతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. నేను గుళ్లో కూడా ఆ దేవుణ్ణి ‘స్వామీ’ అని మాత్రమే మొక్కేదాన్ని. పలకడం తప్పు గానీ రాయడం తప్పు కాదులే అనుకొని, పెన్సిల్ నొక్కిపెట్టి ఆ నాలుగు అక్షరాలూ రాశాను. పత్రికను మామ పెట్టె మీద పెట్టేశాను. మరుసటి రోజు ఆయన దాని మీద సిరా దిద్ది పోస్టు చేశాడు.

రెండు వారాలకు జవాబులు అచ్చయ్యాయి. ఒక తప్పు పోయిందని మామ చెప్పాడు. ఆ నాలుగు గళ్లలో మనం వేరే మాట పంపామన్నాడు. జీవితంలో మొదటిసారి తలుపు దాటి మామ ఎదుటికి వచ్చి, నేను సరిగ్గానే రాశానని చెప్పాను.

అత్త అక్కడే ఒత్తులు చేసుకుంటోంది. ఆమెకు చదువు రాదు. కానీ మా అంగడి బోర్డు మీద ఉన్నది కొడుకు పేరే. రోజూ చూసి చూసి ఆ నాలుగు అక్షరాలు మాత్రం ఆమెకు కంటికి తెలుసు.

“నేనే రబ్బరుతో తుడిపినా. మొగుని పేరు రాస్తావా? నా కొడుకు బతకొద్దా?” అంది.

అప్పటికీ నాకు ఆశ చావలేదు. జరిగింది తెలిసింది కదా, మామ న్యాయం చెబుతాడనుకున్నాను. ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

“తుడిపినా పెన్సిల్ అచ్చు కనపడతానే ఉండె లేమ్మా. నువ్వు రాసిందేందో నాకు తెల్సు. పరీక్ష రాస్తే ఊరికే ఉంటావా? ఉద్యోగమంటావు. ఇంట్లో పనెవరు చేస్తారు, నాకు గళ్లెవరు నింపుతారు?”

తన పేరు అచ్చులో పడకపోయినా సరే, నేను మాత్రం గడప దాటకూడదు. అందుకని తెలిసి తెలిసి తప్పు మాట దిద్దాడు. మా ఆయన పక్కనే అన్నం తింటున్నాడు. మజ్జిగ అడిగాడు, పోశాను.

ఫీజు కట్టే గడువు ఆ నెలతో పోయింది. అత్త మీద కోపం కొన్నేళ్లకు చల్లారింది. ఆమెది భయం. మామది భయం కాదు, తెలివి. ఆయన పోయిన రోజు ఇల్లంతా గొల్లుమంది. నేనూ అందరితోపాటు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాను. కొంగు వెనక కన్నీళ్లేమీ లేవు.