వలిసెలు పూసిన రెండో సంత

మా అవ్వ గురుబారి పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను విశాఖలో పుస్తకాల దుకాణంలో నిచ్చెన మీద ఉన్నాను. "అవ్వ ఎల్లిపోనాదమ్మా సుక్రీ. బేగి బయల్దేరు," అన్నాడు. ఆ తరవాత ఏమన్నాడో నాకు వినిపించలేదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని దాని చోట పెట్టాను. కింద మిగిలిన రెండింటిని కూడా సర్దాను. అప్పుడు దిగాను. ఆ రెండూ ఎందుకు సర్దానో ఇప్పటికీ తెలియదు.

పొద్దుటి రైలు అప్పటికే దాటిపోయింది. బస్సులో ఘాటీ ఎక్కి, అరకులో దిగి, ఆటో మాట్లాడుకుని మా ఊరు చేరేసరికి ఆమెను మట్టిలో పెట్టేసి అందరూ గెడ్డ వాగులో స్నానాలు చేసి వస్తున్నారు. మామ తల తుడుచుకుంటూ, "వాన పట్టీసేలాగుందమ్మా, ఆగనేదు," అన్నాడు. వాన నిజంగానే పట్టింది. ఇంట్లో ఆమె పడుకునే మూల అప్పటికే పేడతో అలికేసి ఉంది. ఆ తడి నేల చూశాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళు, "పండుటాకు, రాలిపోయింది," అన్నారు. కాదనలేను. ఆమెకి ఎనభై దాటి ఉంటాయి. కానీ నా వరకు, నేను ఏ రోజున పుట్టానో తెలిసిన ఆఖరి మనిషి వెళ్ళిపోయింది. నాకు మూడేళ్ళప్పుడే అమ్మ పోయింది. నాన్న డొంకరాయి వైపు పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నా పుట్టుకకు మిగిలిన సాక్షి అవ్వ ఒక్కతే.

మా దుకాణంలో అప్పుడప్పుడు సంస్మరణ సంచికలు వదిలి వెళ్తుంటారు. పెద్దల ఫొటోలు, వాళ్ళు అధిరోహించిన పదవులు, అందుకున్న సన్మానాలు. ఎవరూ లేనప్పుడు నేను వాటిని మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. మా అవ్వకి అలాంటివి ఒక్కటీ లేవు. ఆమె చేసిన ఘనకార్యం నాకు తెలిసి ఒకటే. ఇరవై ఏళ్ళపాటు, ఒక్క ఏడూ తప్పకుండా, నా పుట్టినరోజుకి తన చేత్తో కేకు చేసింది. దాని గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

మా వైపు పిల్లలకు పుట్టిన వారం పేరే పెడతారు. గురువారం పుట్టింది గురుబారి, బుధవారం పుట్టింది బుద్రి, శుక్రవారం పుట్టినదాన్ని నేను సుక్రి. అలా నా వారం నా పేరులోనే ఉంది. ఏ శుక్రవారం అన్నది మాత్రం అవ్వ దగ్గరే ఉండేది. అమ్మ నిండు నెలలతో శుక్రవారం సంతకి అల్లం మోసుకెళ్ళి, తిరిగి వస్తుంటే వలిసె చేను గట్టు మీద నొప్పులు మొదలయ్యాయట. అవ్వ తన పై చీర పరిచి అక్కడే పురుడు పోసింది. "వలిసెలు పూసినాక రెండో సంత. అదే నీ రోజు," అనేది. నూనె గింజల కోసం మా కొండవాలు నిండా వలిసెలు వేస్తారు. వానలు వెళ్ళి మంచు మొదలయ్యే వేళ అవి పసుపుపచ్చగా పూస్తాయి. అది ఏ నెలలో ఏ తేదీ అంటే ఆ ఏటి వాననిబట్టి ఉంటుంది.

బళ్ళో చేర్చినప్పుడు మాస్టారికి ఈ లెక్క పనికిరాలేదు. ఆయన జూన్‌లో ఒక తేదీ వేసేశారు. మా తరగతిలో పదకొండుమందిమి ఒకే రోజు పుట్టాం. హాస్టల్లో చేరాక నాకు ఆ జూన్ తేదీయే మర్యాదగా తోచింది. అందరితోపాటు ఉండొచ్చు, ఎవరికీ ఏమీ వివరించి చెప్పనక్కర్లేదు. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, "అవ్వా, ఇంక కేకు జూన్‌లోనే చెయ్యి. కాగితాల్లో అలాగే ఉంది," అన్నాను.

చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతున్నది చేట ఆపింది. "జూన్‌లో ఏటుందే? బురద. ఆ మాస్టరు నువ్వు పుట్టినప్పుడు ఉన్నాడేటి?"

"లేడు."

"నానున్నాను," అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఆ సంభాషణ అంతటితో అయిపోయింది.

కేకు ఆమెకి ఎలా వచ్చిందంటే, వయసులో ఉన్నప్పుడు అరకులో ఒక గెస్ట్‌హౌస్ వంటింట్లో గిన్నెలు తోమింది. అక్కడి వంటాయన దొరల కాలం నాటి పద్ధతిలో కేకు చేసేవాడట. నేర్పమని ఈమె అడగలేదు, ఆయన నేర్పలేదు. తోముతూ చూసింది, అంతే. ఇంట్లో ఓవెన్ లేదు, వెన్న లేదు, కొలతలు లేవు. పెద్ద అల్యూమినియం డేకిసాలో గెడ్డ ఇసక పోసి పొయ్యి మీద పెట్టేది. అందులో కేకు గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచేది. మైదా సగం, చోడిపిండి సగం, బెల్లం, సోడా ఉప్పు, మా పెరట్లో కాసిన కాఫీ గింజల డికాక్షన్. వెన్నకి బదులు వలిసె నూనె. గుడ్లు గిలకొట్టడానికి వెదురు పుల్లల కట్ట. ఇసక కాగుతున్నంతసేపూ నేను మూత ఎత్తి చూడబోతే చేతి మీద కొట్టేది. "ఇసక ఏడెక్కీదాకా మనిషి సల్లగుండాల," అనేది. పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు ఆ మాట నా డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో.

అలంకరణ ఆమె సొంతం. క్రీము అంటే ఏమిటో ఆమెకి తెలుసు గానీ నచ్చేది కాదు, "సబ్బు నురగ" అనేది. నానబెట్టిన బియ్యాన్ని పంచదార వేసి పాలతో మెత్తగా రుబ్బి, అంచు చుట్టూ చూపుడువేలితో చుక్కలు పెట్టేది. చిక్కటి బెల్లం పాకంతో కింద ఎర్రటి పట్టీ వేసేది. పండగలకు మా ఇంటి గోడకి ఎర్రమట్టి పట్టీ, తెల్ల చుక్కలు ఎలా వేసేదో కేకుకీ అలాగే. చుట్టూ వలిసె పూలు గుచ్చేది. హాస్టల్లో కొనే గులాబీరంగు కేకులు చూశాక నాకు ఆ గోడలాంటి కేకు చూస్తే సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు కూడా డైరీలో ఉంది. ఇప్పుడు ఆ పేజీ చింపెయ్యాలనిపిస్తుంది, కానీ చింపను.

కేకు మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయని ఆమె గమనించింది. నేను ఐదో తరగతిలో ఉండగా టూరిస్టులు పారేసిన ఒక బేకరీ అట్టపెట్టె తెచ్చి, దాని మీద ఆకుపచ్చ రంగులో అన్నిటికంటే పెద్దగా ఉన్న మాటని ఒక్కొక్క గీతా చూసుకుంటూ బియ్యప్పిండితో కేకు మీద దించింది. అంత పొందికైన అక్షరాలు మా ఇంగ్లీషు టీచరు కూడా రాయలేదు. ఆ మాట 'ఎగ్‌లెస్'.

"ఏటి రాసుందే గుంటా? సదువు," అంది.

ఏడు గుడ్లు వేసిన కేకు అది. ఆమె వేళ్ళ మీద ఇంకా పిండి ఉంది. "హ్యాపీ బర్త్‌డే అని ఉందవ్వా," అన్నాను.

"పొట్టిగుంది. బాగుంది," అంది. ఊళ్ళో నలుగురినీ పిలిచి చూపించింది. మరుసటి ఏడూ అదే రాసింది, ఆ పై ఏడూ అదే. ఒక ఏడు టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మకి ఒక ముక్క పెట్టబోతే, ఆవిడ పైకి చదివి, "గుడ్లు వెయ్యలేదా అవ్వా?" అంది.

"ఏడేసినాను!" అని అవ్వకి రోషం వచ్చింది.

"మరి గుడ్లు లేవని రాశావేంటి?"

అవ్వ నావైపు చూసింది. నేను నేలకేసి చూశాను. గోడ అవతల కోళ్ళు అరుస్తున్నాయి. అప్పుడు అవ్వ తాపీగా, "దిష్టి తగలకండ మా వైపు అలాగే రాత్తారమ్మా. ఉన్నదాన్ని నేదని రాయాల," అంది. నర్సమ్మ నమ్మింది. ఆ తరవాత ఆ అబద్ధం గురించి అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. కేకు మీద 'ఎగ్‌లెస్' అని రాయడం కూడా మానలేదు. ఇలాంటి మనిషిని పుస్తకాలలో చదివితే నమ్మేదాన్ని కాదు.

ఆమె నిరక్షరాస్య. కానీ నేను చదువుతుంటే ఊరికే పక్కన కూచునేది. నాకు మాట్లాడటం రాదని అందరూ అంటే, "దానికి మాటలు నోట్లో నేవు, సేతిలో ఉన్నాయి," అనేది. నేను ఉద్యోగానికి విశాఖ వెళ్ళిన రోజు స్టేషన్‌లో ఏడవలేదు. నా సంచీలో చెయ్యిపెట్టి డైరీ ఉందో లేదో తడిమి చూసి, "ఎల్లు," అంది.

కార్తీకంలో పెద్దదినానికి మళ్ళీ ఇంటికి వెళ్ళాను. ఊరందరికీ భోజనాలు పెట్టి పెద్దల్లో ఆమెను కలిపేశారు. మర్నాడు చేను వైపు వెళ్ళాను. కింది పొలం చెక్కలో వలిసెలు పూర్తిగా విచ్చాయి. దాని పైనున్న మీది చెక్కలో ఇంకా మొగ్గలే. గట్టు మీద ఆగి రెండింటినీ మార్చి మార్చి చూశాను. ఎంత పూస్తే పూసినట్టు? మొదటి పువ్వు విచ్చిన నాటి నుంచా, చేను నిండిన నాటి నుంచా? ఇరవై ఏళ్ళలో ఈ ఒక్క ప్రశ్న నేను ఆమెను అడగలేదు. ఆమె ఉంది కదా అనుకున్నాను.

ఇంటికి వచ్చి మామని అడిగితే, "మీది చెక్క సూసేదేమో," అన్నాడు. అత్త అంట్లు తోముతోంది. మా అత్త బుద్రి మా అవ్వతో పాతికేళ్ళు కాపురం చేసిన కోడలు. నా ప్రశ్న విని చేతిలో గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది.

"ఓసి పిచ్చి గుంటా! చేను సూసి సెప్పేదనుకున్నావేటి?"

"కాదా అత్తా?"

"నువ్వు సిన్నప్పుడు సూసేదేమో మరి. నువ్వు హాస్టల్‌కి ఎల్లిన కాడనుంచి ఎక్కడ సూసినాది? మీ మామ సేత నీకు ఫోన్ కొట్టించి, సెలవెప్పుడే అని అడిగీది. నువ్వు పలానా సుక్కురోరం ఒత్తానంటే, ఫోన్ ఎట్టీసి, 'సూసినావా బుద్రీ, వలిసెలు సరీగ్గా పూసినాయి' అనీది. ఒకేడు పూలన్నీ రాలిపోనాయి. పరీక్షలని నువ్వు ఆలీసంగా ఒచ్చినావు కదా. రాలిపోయినా, 'ఇంకా పూత్తన్నాయిలే' అన్నాది."

"మరి నిజంగా నా రోజు ఏది?"

అత్త నవ్వు ఆపింది. "ఆవిడికి మాత్రం ఏటి తెలుత్తాదమ్మా ఇన్నేళ్ళకి? పూలున్నాయి, సంత రోజు. అంతే," అని మళ్ళీ గిన్నె అందుకుంది.

విశాఖ వచ్చి డైరీలు అన్నీ దించాను. ప్రతి ఏడూ కేకు రోజు పేజీ తీసి తేదీలు వరసగా రాసుకున్నాను. ఒక ఏటికీ ఇంకో ఏటికీ మధ్య ఐదు వారాల దాకా తేడా ఉంది. ప్రతి పేజీలోనూ ముందు వాక్యం, పరీక్షలు అయిపోయాయనో, వార్డెన్ పంపిందనో, దుకాణంలో సెలవు దొరికిందనో. ఒక ఏడు, 'ఈసారి కేకు చుట్టూ గడ్డిపూలు. అవ్వకి ఏమైందో' అని రాసి ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

నిజం చెప్పాలంటే మొదట నాకు కోపం వచ్చింది. ఆమెతోపాటే పోయిందనుకున్న నా పుట్టినరోజు అసలు ఆమె దగ్గర కూడా లేదన్నమాట. కాగితంలో ఉన్నది అబద్ధం, అవ్వ చెప్పినదీ నిజం కాదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా మా దుకాణంలో ఎవరికీ తేడా తెలియదు. మూడో రోజు నిద్ర లేచేసరికి కోపం లేదు. దాని చోట ఇంకేదో ఉంది, దానికి పేరు పెట్టలేకపోతున్నాను. మాస్టారు రాసిన రోజు అందరికీ ఒకటే. అవ్వ చెప్పిన రోజుకి మాత్రం నేను రావాలి. నేను కొండ ఎక్కి వస్తేనే ఆ ఏడు నేను పుట్టినట్టు.

గురుబారవ్వా, నీ గురించి ఇంతకంటే గొప్పగా రాయడం నాకు చేతకాలేదు. నీకు చదవడం రాదు కాబట్టి తప్పులు పట్టవు. చదవడం వచ్చి ఉన్నా పట్టేదానివి కాదు. చేతులు జోడిస్తున్నాను.

ఇవాళ మధ్యాహ్నం దుకాణం యజమాని నా బల్ల దగ్గరకి వచ్చి, "వచ్చే శుక్రవారం కావాలంటే సెలవు తీసుకోమ్మా, ఏటా ఈ రోజుల్లో అడుగుతావుగా," అన్నారు. సరేనని తల ఊపాను. ఆయన వెళ్ళాక ఆ మాట చెప్పడానికి ఫోన్ తీశాను. మామ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. మామ ఎత్తుతాడు, "రా అమ్మా," అంటాడు. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగి, పూలు పూశాయని కోడలికి చెప్పే మనిషి మాత్రం ఆ ఇంట్లో లేదు. అక్కడ కొండ మీద వలిసెలు ఈ ఏడు ఎవరినీ అడక్కుండా వాటంతట అవే పూస్తున్నాయి.