బాపు పళ్ళ సందుల్లో నీళ్ళూ దారమూ

మాంసం తిన్న రోజు మా బాపు చేతిలో చీపురు పుల్ల ఉండాల్సిందే. చెయ్యి కడుక్కుని అరుగు మీద కూర్చుని, కుడి దవడ పళ్ళ మధ్య ఇరుక్కున్నదాన్ని ఓపిగ్గా గెలికేవాడు. అలా ఏళ్ల తరబడి గెలికీ గెలికీ ఆ సందు పెద్దదైంది. సందు పెరిగినకొద్దీ పుల్ల కూడా లావుది వెతుక్కునేవాడు.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. దేవరయాంజాల్ పక్కన మాకు అంగూరు తోట, అదే ద్రాక్షతోట, ఉండేది. నేను కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్నా. ఒకరోజు బాపు జామకాయ కొరికితే కాయ మీద నెత్తురు అంటింది. అమ్మ చూసి, "ఇగనన్న డాక్టరుకు చూపిచ్చుకో" అంది. కాలేజీ బస్సులోంచి మేడ్చల్‌లో పళ్ళ డాక్టరు బోర్డు రోజూ చూసేదాన్ని. ఆ ఆదివారం బాపును నేనే వెంటబెట్టుకుని పోయిన.

డాక్టరు గోదావరి వైపు నుంచి వచ్చి కొత్త కాలనీలో ఉంటున్నావిడ. నాకంటే పదేళ్లు పెద్దదేమో. బాపు పళ్ళకు పట్టిన గార గీకి తీసింది. చీపురు పుల్ల సంగతి విని నెత్తి కొట్టుకున్నంత పని చేసింది.

"పుల్ల మానేయండి బాబాయ్ గారూ. చిగురు చితికిపోతోంది. దీంతో తీసుకోండి" అని చిన్న డబ్బీలోంచి మైనం పూసిన సన్నటి దారం లాగింది. ఆ తర్వాత నావైపు తిరిగి, "నువ్వూ ఒకసారి నోరు తెరువమ్మా" అంది. తోడుగా వచ్చినదాన్ని, నాకెందుకు అనుకుంటూనే తెరిచిన. నా చిగుళ్ళలోంచీ నెత్తురు వచ్చింది. ఇద్దరికీ చెరో డబ్బీ ఇచ్చింది.

దారాన్ని రెండు చేతుల నడిమి వేళ్ళకు చుట్టుకుని, పంటికీ పంటికీ మధ్య మెల్లగా దించి, పంటి పక్కను పైకీ కిందికీ రుద్దాలి. నాకు రెండు రోజుల్లో అలవాటైంది. బాపుకు కాలేదు. తీగలు కత్తిరించే కత్తెర ఎప్పుడో దెబ్బ తీసి, ఆయన కుడి చూపుడు వేలు వంగదు. పని చేసి చేసి మిగతా వేళ్ళూ మొద్దుబారినయ్. అంత చెయ్యి నోట్లోకి ఎక్కడ పడుతుంది? రెండుసార్లు కక్కు వచ్చినట్టయి, మూడోసారి దారం తెంపి పారేసిండు.

"సన్న ఏళ్లోళ్ల పని బిడ్డా ఇది. నాతోని కాదు."

మళ్ళీ పోయినప్పుడు డాక్టరు లోపలి గదిలోంచి తెల్లటి పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. మీద నీళ్ళ తొట్టి, పక్కన సన్నటి పైపు, పైపు కొసకు పుల్లంత నాజిల్. తన పళ్ళకు వంకర సరిచేసే తీగ వేయించుకున్న రోజుల్లో కొనుక్కుందట. మీట నొక్కితే సన్నటి నీటి ధార ఆగి ఆగి చిమ్మింది.

బాపు ముందుకు వంగిండు. అంగూరు తోటకు మందు కొట్టీ కొట్టీ స్ప్రే పంపు లోతుపాతులన్నీ తెలిసిన మనిషి.

"ప్రెషర్ ఎంతుంటది డాక్టరమ్మా?"

ఆ మాట ఆమెను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు. సొరుగులోంచి చిన్న పుస్తకం తీసి వెతకసాగింది.

నాకు మరో అనుమానం వచ్చింది. "దారం మంచిదా మేడమ్, నీళ్ళు మంచివా?"

"పుస్తకంలో ఉన్నది చెప్పనా? మీ నోళ్ళలోనే చూద్దామా?" అని నవ్వింది. ఒక నెల నేను దారం, బాపు నీళ్ళు. నెల తర్వాత ఒక బిళ్ళ నమిలిస్తానంది. పళ్ళ మీద పాచి ఎక్కడ మిగిలితే అక్కడ గులాబీ రంగు పడుతుందట. ఆ మాట వినగానే మా ఇద్దరికీ హుషారు వచ్చింది. డాక్టరు అరువిచ్చిన మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని బాపు బండి వెనక కూర్చుంటే నేను నడిపిన.

మొదటి రోజు అద్దం, గోడ, బాపు బనీను అన్నీ తడిసినయ్. పెదవులు కొంచెం మూసి, గిన్నె మీదికి వంగమని డాక్టరు చెప్పింది. ఈయన నోరు బార్లా తెరిచి, నిలువుగా నిలబడి కొట్టుకున్నడు. మరునాడు జోరు పెంచే మీటను కొసదాకా తిప్పిండు. చిగుళ్ళు మండి, తుపుక్కున ఉమ్మితే ఎర్రగా వచ్చింది. కాసేపు మిషన్ వైపే చూసి, తనలో తానే అనుకున్నట్టు అన్నడు.

"లేత గుత్తులకు గింత జోరుగ కొడితే రాలిపోతయ్. సిగుళ్ళు మాత్రం ఊకుంటయా?"

అప్పట్నించి తక్కువలో పెట్టిండు. మా దగ్గర పొద్దున కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయేలోపే నోరు కడుక్కోవాలని లేవగానే మిషన్ దగ్గరికి పోయేటోడు. గిన్నెలో పడ్డదాన్ని నాకు చూపిస్తే గానీ పారబోయడు.

"ఇటు రా బిడ్డా. ఏమేమెల్లినయో చూడు."

కొత్తిమీర ముక్క, జొన్నరొట్టె నలుసు, మాంసం పోగు. రోత పుట్టేది, అయినా రోజూ పోయి చూసేదాన్ని. నా దారం తీరు వేరు. దాని మీద నలుసులు పెద్దగా కనిపించేవి కావు, తెల్లటి జిగురు మాత్రం అంటేది. ఏ సందులోది ఎక్కువ వాసన వస్తోందో నాకు తెలిసిపోయింది. నెలాఖరున పరీక్షల వారం మాత్రం ముందు పళ్ళు రుద్దుకుని, వెనకవి వదిలేసిన. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగింది. డాక్టరు ఇద్దరి చేతా బిళ్ళ నమిలించి, పుక్కిలించినంక చేతికి అద్దమిచ్చింది. బాపు చిగుళ్ళు వాపు తగ్గి గట్టిపడ్డయ్, పెద్ద సందు శుభ్రంగా ఉంది. కానీ పళ్ళు ఒకదానికొకటి ఆనుకునే చోట గులాబీ గీతలు నిలబడ్డయ్. నా ముందు పళ్ళ మధ్య గీత కూడా లేదు. వెనక దవడ పళ్ళు మాత్రం గులాబీగా బయటపడి నా బండారం చెప్పేసినయ్.

"ఇగ గెలిచిందెవరు?" అన్నడు బాపు.

"ఎవరూ గెలవలేదు బాబాయ్ గారూ. నీళ్ళు ఇరుక్కున్నదాన్ని కొట్టేస్తాయి, చిగురు కిందదాకా కడుగుతాయి. పంటికి అతుక్కున్న జిగురుంది చూశారా, దాన్ని రుద్దితేనే పోతుంది."

బాపు అద్దంలో చూస్తూ ఒక గులాబీ గీతను గోటితో గీకిండు. తర్వాత, "పిండినల్లి లెక్క" అన్నడు.

డాక్టరు నావైపు చూసింది. అంగూరు తీగ బెరడు కింద దాక్కునే తెల్ల పురుగు అని చెప్పిన.

బాపు అందుకున్నడు. "పైపైన ఎంత మందు కొట్టినా అది సావదమ్మా. బెరడు ఒలిచి చేత్తోని రుద్దాలె. రుద్దినంక కొట్టాలె. గీ ముక్క మీరు మొదాలే చెప్తే నెల రోజులు ఎందుకు?"

"మొదటే చెప్తే నమ్మేవారా మీరు?" అందామె. బాపు పకపకా నవ్విండు. ఆయనకు రెండూ కావాలనీ, దారం ఎవరైనా పట్టి వేస్తే మేలనీ చెప్పి నా మొహం చూసింది.

తర్వాతి ఆదివారం, వాకిట్లో ఎండ పడే చోట కుర్చీ వేసుకుని బాపు నన్ను పిలిచిండు. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని నోరు తెరిచి, "కానీ" అన్నడు.

ఇరవై ఏళ్లు ఆ నోటి మాట వింటూ పెరిగిన, లోపల ఎట్లుంటదో ఎన్నడూ చూడలేదు. మీసం ముళ్ళలా గుచ్చుకుంది. పొగాకు మరకలు, అరిగిన కొసలు, ఎడమ వైపు పై పన్ను ఒకటి సగానికి విరిగి నున్నబడింది.

"ఈ పన్ను ఎట్ల ఇరిగింది బాపూ?"

"ఆ... ఊ..." నా వేళ్ళు నోట్లో ఉంటే ఏం చెప్తడు? దారం బయటికి తీసే దాకా ఆగి చెప్పిండు. అంగూరు తోటకు మొదటిసారి పందిరి వేసేటప్పుడు పకారు దొరక్క, ఇనుప తీగను పళ్ళతో పట్టి మెలిపెట్టిండట. ఠక్కుమందట. అమ్మ తిడుతుందని ఎవరికీ చెప్పకుండా ఏళ్ల పాటు కుడి దవడతోనే నమిలిండట.

"నాకు ఎర్కలేదనుకున్నవా?" అని వంటింట్లోంచి వినబడింది అమ్మ గొంతు. "ఆ దినం బువ్వ సగం ఇడిసిపెట్టి లేస్తివి."

బాపు గబుక్కున నోరు మూసుకున్నడు. అంతా కుడి దవడ మీదే ఎందుకు ఇరుక్కునేదో నాకప్పుడు అర్థమైంది.

కొన్ని నెలలు ఆదివారాలు అట్లనే గడిచినయ్. తర్వాత డాక్టరు, విల్లులా వంగి కొసల మధ్య దారం బిగించి ఉన్న ప్లాస్టిక్ పుల్లలు తెప్పించింది. వాటికి ఒక్క చెయ్యి చాలు. బాపు తనంతట తానే రుద్దుకోవడం మొదలుపెట్టిండు. నీళ్ళ మిషన్ తన కోసం ఒకటి కొనుక్కుని, డాక్టరుది తిరిగి ఇచ్చేసిండు. వారం వారం చేసే పని తప్పినందుకు నేను సంబరపడాలి. మొదటి రెండు ఆదివారాలు ఎందుకో ఏమీ తోచలేదు.

ఆ ఎండాకాలం, కొత్త కాలనీలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన పండ్ల కోసం తోటకు వచ్చిండు. రేకుల షెడ్డులో బాపు పెట్టుకున్న నీళ్ళ మిషన్ చూసి ఆశ్చర్యపోయి, తన చిగుళ్ళ బాధ చెప్పుకున్నడు.

"దారమా, ఈ నీళ్ళ మిషనా, ఏది మంచిదండీ?"

బాపు ఆయనను భుజం పట్టి ఎండ వైపు తిప్పిండు.

"ముందుగాల నోరు తెరువుండ్రి సార్. చూడకుంట ఎట్ల చెప్తం?"

ఆయన ఒకసారి నావైపు చూసి, పండ్ల సంచి కింద పెట్టి, నోరు తెరిచిండు.