ఎల్లేశం నాలుగు వేల జంతువులు

అశోక్‌నగర్‌లో మూడో అంతస్తులో ఒంటి గదిలో కిరాయికి ఉండే ఎల్లేశం నాలుగు వేల జంతువులను పెంచాడంటారు. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. కింది పోర్షన్‌వాళ్లకు మాత్రం గిట్టల చప్పుడుకు ఆర్నెల్లు నిద్ర లేదట.

ఆ జంతువులు కంప్యూటర్‌లోవి. తొమ్మిదిసార్లు సివిల్స్ ప్రిలిమ్స్ రాసి, వయసు దాటిపోయాక ఎల్లేశం కోడింగ్ నేర్చుకున్నాడు. తెరమీద ఒక లోకం, అందులో ఒక కొండ. డబ్బాలకు కాళ్లు అతికించినట్టుండే జీవులు. కొండవైపు బాగా నడిచినవాటి లక్షణాలు కలిపి, కొంచెం మార్చి పిల్లలను పుట్టించాలి, మిగతావాటిని చెరిపేయాలి. తరాలు గడిచేకొద్దీ నడక దానంతటదే వస్తుంది. చెరిపేటప్పుడు ఎల్లేశం మొహంలో ఏమీ కనిపించేది కాదు.

బర్కత్‌పురలో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ నడిపే మాధురి, శుక్రవారానికి ఒక్క జంతువును కొండ ఎక్కించి చూపిస్తే ఉద్యోగం ఇస్తానంది.

శుక్రవారం నారాయణగూడ ఇరానీ హోటల్లో ఎల్లేశం ల్యాప్‌టాప్ తెరిచాడు. అప్పటికి తొమ్మిది వందల తరాలు గడిచాయి. నాలుగు వేల జంతువులూ కొండ కింద బోర్లా పడుకుని ఉన్నాయి.

“సచ్చినయా?” అంది మాధురి.

“లేదు మేడం. అన్నీ బతికే ఉన్నయ్.”

“మరి కదలవేంది?” అంటూ ఆమె కోడ్ చదివింది. “అడుగేస్తే రెండు మార్కులు. పడితే ఐదు కట్. గిదేంది?”

“నెగెటివ్ మార్కులు మేడం. లేకుంటే గుడ్డిగ గీకేస్తయ్ గదా.”

“జంతువులకు ప్రిలిమ్స్ పెట్టినవా? కొత్తల నడిచేది ఏదైనా పడతది. పడ్డవాటిని నువ్వే చెరిపేసినవ్. కదలనిదానికి సున్నా, గదే ఫస్ట్ ర్యాంకు.”

“తప్పు మాత్రం ఒక్కటి గూడ చెయ్యలే మేడం.”

“ఆ ఐదు కట్ చేసే ఒక్క లైను తీసెయ్. నేను ఈడనే కూసుంట. ఎన్ని పడితే అన్ని పడనీ.”

ఎల్లేశం ఆ లైను చెరిపే మీట మీద వేలు పెట్టాడు. అది కిందికి దిగుతుందేమోనని చూస్తుండగానే హోటల్లో వెయిటర్లు రెండు షిఫ్టులు మారారని చెబుతారు. మాధురి నాలుగు చాయ్‌లు తాగింది. వేలు దిగలేదు. అతని మొహంలో భయమూ లేదు, బాధా లేదు.

“వేరేటోళ్లను చూసుకుంట, అన్నా,” అని ఆమె లేచి వెళ్లిపోయింది.

మర్నాడు చిక్కడపల్లిలో మెస్ నడిపే రామక్క అన్నం వడ్డిస్తూ అడిగింది.

“జంతువులు లేవలేదని నౌకరీ పోయిందంట గద?”

ఎల్లేశం ప్లేటులోంచి తల ఎత్తలేదు.

“ఎవరు చెప్పిన్రక్కా. నేను ఏ కంపెనీకి పోలే. ఆ మాధురి ఎవరో నాకు ఎరుక లేదు. కంప్యూటర్‌ల జంతువులేంది, నేను ఎన్నడు పెంచలే.”