అంగారకుడి మీద నగరి మాట

తిరుపతిలో స్నేహితురాలు హేమ, నేను కలిసి చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాం. ఎక్కడా దొరకని తెలుగు నవలల్ని మళ్లీ అచ్చు వేయడం మా పని. బడిలో చదివే రోజుల్లో నన్ను ఊపేసిన సైన్స్ ఫిక్షన్ నవల ఒకటుంది. నీళ్లు వెతుక్కుంటూ అంగారక గ్రహానికి వెళ్లిన నగరి నేతగాళ్ల కథ అది. రాసింది పవర్‌లూమ్ మగ్గాలు రిపేరు చేసే దామోదరం గారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. హక్కులు కూతురు సరోజమ్మ గారివి. ఇంతకుముందు వెళ్లిన ఇద్దరు ప్రచురణకర్తల్ని ఆమె ఉత్తచేతులతో పంపేశారని విన్నాను. నేను మాత్రం ఒప్పించగలననే నమ్మకంతో బయల్దేరాను.

పొద్దున టిఫిన్ కాగానే తిరుపతి బస్టాండులో పుత్తూరు మీదుగా నగరి వెళ్లే బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. మగవాళ్లకు నూరు రూపాయల లోపే. రెండు గంటలు కూడా పట్టదు. పుత్తూరు దాటాక కుడివైపు కిటికీలోంచో ఎడమవైపు నుంచో, మలుపును బట్టి, ముక్కులా పొడుచుకొచ్చిన నగరి కొండ కనిపిస్తూనే ఉంటుంది. నవలలో రాకెట్ తిరిగొచ్చేటప్పుడు దారి గుర్తు అదే.

నగరిలో ఆటో ఆయన్ని దామోదరం గారి ఇల్లు అడిగాను.

"రాకెట్ దామోదరమా? ఎక్కు మా. మా నాయనకు ఆయన కతలంటే పానం. సదవను రాదు, ఎవురన్నా సదివితే ఇనేవాడు."

మగ్గాల షెడ్డును ఆనుకునే సరోజమ్మ గారి ఇల్లు. ఆ మోతలో ఇద్దరం గొంతు పెంచే మాట్లాడుకున్నాం. దామోదరం గారి మొదటి నవలను పట్నంలో ఎవరో వేశారట. రెండోదానికి మాత్రం పాత్రల మాటలన్నీ మార్చమన్నారట.

"ఆకాశంలోకి పొయ్యేవోళ్లు యాడ, ఈడ అంటారా అని నవ్వినారంట. మా నాయన ఆ కాయితాలెత్తుకోని ఇంటికొచ్చేసినాడు. మళ్లా ఈడనే అచ్చేయించి, అలిపిరి కాడ అమ్మినాడు. నేనూ పక్కన నిలబడి అమ్మినాను. కొండెక్కేవోళ్లు కొనుక్కోని, మెట్ల మీద కూసోని సదివేవోళ్లు."

అలా ఆయన ఐదు నవలలు తెచ్చారు. నాకిష్టమైనది వాటిలో ఒకటి. ఆయన పోయాక ఈమె దగ్గరికొచ్చిన ఇద్దరు ప్రచురణకర్తలూ మళ్లీ ఆ దిద్దుబాటే అడిగారట.

"నువ్వూ దిద్దుతావా?"

"లేదమ్మా."

"నోటి మాటకేం! సదువు, ఇంటా." పుస్తకం నా చేతిలో పెట్టారు.

నాలుగు వాక్యాలు చదవగానే ఆపారు. "నీదే ఊరు?"

"పాకాల."

"పాకాలలో ఇట్లనే మాట్లాడతారా?"

నవ్వొచ్చింది. మా అవ్వ యాస తలుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఇంతలో భోజనాలకని మగ్గాలు ఆగాయి. పనివాళ్లు చేతులు కడుక్కుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. నవలలో రుక్కు అనే నేతగత్తె అంగారకుడి మీద మొదటి అడుగు పెట్టి, చుట్టూ చూసి, "ఏందబ్బా, ఇంత దూరమొచ్చినా ఈడా నీళ్లు ల్యా!" అంటుంది. గుమ్మమంతా గొల్లున నవ్వింది. నేను ఆగలేదు. రుక్కు దారి తప్పే చోటికి వచ్చేసరికి అందరూ లోపలికొచ్చి నేలమీద కూర్చున్నారు. అన్నం గిన్నెలు మూతలు తీయకుండానే ఉన్నాయి.

నేను పుస్తకం మూయబోతే ఒకామె ఊరుకోలేదు. "నిలపొద్దు మా! ఆమె మళ్లా ఊరికొచ్చిందా, లేదా?"

సరోజమ్మ గారు వాళ్ల మొహాలన్నీ ఒక్కొక్కటే చూశారు. తర్వాత ఆ అడిగినామెతో, "పుస్తకం వస్తాది. కొనుక్కోని సదువుకో," అన్నారు. నా వైపు తిరిగి, "ఏసుకో. ఒక్క అచ్చరం మార్సినావంటే మళ్లా నగరికి రాబాకు," అన్నారు. ఆమె వడ్డించిన ములక్కాడ కొళంబు పులుసు కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయని చెప్పి తప్పించుకున్నాను.

ఇప్పుడు పుస్తకం ప్రెస్సులో ఉంది. చివర యాస మాటలకు అర్థాలిద్దామని హేమ అంది. అక్కర్లేదన్నాను. చిత్తూరు జిల్లా దాటి పెద్దగా తిరగని మనిషి వేరే గ్రహాలను ఊహించాడు. అక్కడికి పోవాలంటే నోరు మార్చుకోవాలని ఆయన ఒక్కసారీ అనుకోలేదు. అందుకే ఆ రాకెట్లో మనమూ ఉన్నాం అనిపిస్తుంది చదువుతుంటే.

నగరి వెళ్లేవాళ్లకు ఒక మాట: తిరిగొచ్చేటప్పుడు, సాయంత్రం చెన్నై నుంచి వచ్చే బస్సులు కిక్కిరిసి ఉంటాయి. నగరిలో పల్లెవెలుగు ఎక్కి పుత్తూరులో మారండి, సీటు దొరుకుతుంది. కూర్చున్నాక పుస్తకం తీసి పైకే చదవండి. పక్కవాళ్లు ఏమీ అనరు, ఇంకాస్త దగ్గరికి జరుగుతారు.