పాలెం వైపు తిప్పిన గొట్టం

పంచాయితీకి రేడియో వచ్చేనాటికి మస్తానమ్మకు నలభై ఏళ్లు. బోగోలుకు అవతల, సముద్రం ఒడ్డు పాలెంలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. భర్త కామాక్షయ్య తెప్ప మీద వేటకు పోతాడు.

అన్ని కులాలవాళ్లూ కూర్చుని వినే చోటే పెట్టాలని చెప్పి సమితి వాళ్లు ఆ రేడియో ఇచ్చినారు. పంచాయితీ ఆఫీసు అరుగు మీద పెట్టి, కప్పు మీద మైకు గొట్టం కట్టినారు. మొదటి సాయంత్రం పాలెం ఆడవాళ్లు తలలు దువ్వుకుని పోతే, ఊళ్లోవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

"ఈ నీచుకంపులో పాటలేం వింటాం?" అని ఒకామె మొహానే అనింది.

ప్రెసిడెంటు చెంచురామయ్య మెత్తని మాటల మనిషి. మస్తానమ్మను పక్కకు పిలిచి, "మీరింత దూరం రావడం ఎందుకు మే? గొట్టం మీ వైపే తిప్పిస్తా. ఇంటి ముందర కూర్చుని వినండి" అన్నాడు.

"పాటలు లేకున్నా పాయె. గాలివాన కబురొక్కటి చెవిన పడితే చాలన్నా" అనింది మస్తానమ్మ. అలిగిన పాలెం వాళ్లకు తనే సర్దిచెప్పింది.

నెల తిరక్కముందే గొట్టం పడమటికి, ఊరి వైపు తిరిగింది. పాటలన్నీ ఇసుకలో పోతున్నాయని ఊళ్లో గోలంట.

సమితి ఆఫీసరు తనిఖీకి వస్తాడనంగా మళ్లీ తూర్పుకు తిప్పినారు. చెంచురామయ్య పాలేనికి నడిచి వచ్చినాడు.

"ఇంక కదిలించను మస్తానమ్మా, నా బిడ్డల మీద ఒట్టు. వినబడతా ఉందని ఒక్క మాట చెప్పు. లేకుంటే రేడియోనే తీసకపోతారు."

ఆఫీసరు నలుగురి ముందర ఆమెనే అడిగినాడు. "వినబడతా ఉందయ్యా" అని కాగితం మీద వేలిముద్ర వేసింది.

జీపు లేపిన దుమ్ము అణగకముందే గొట్టం పడమటికి పోయింది. అడిగితే, "రేపు తిప్పిస్తాలే మే" అన్నాడు చెంచురామయ్య. రెండు నెలలు రేపు రేపనే అన్నాడు.

కార్తీకంలో ఒక సాయంత్రం, వేటకు పోవద్దని రేడియో రెండుసార్లు చెప్పిందంట. ఊళ్లోవాళ్లు గడ్డివాములకు మోకులు బిగించుకున్నారు. పాలెంలో కామాక్షయ్య తెల్లారకముందే తెప్ప నీళ్లలోకి తోసినాడు. మూడోనాడు తెప్ప కొయ్యలు రెండు ఒడ్డుకు వచ్చినాయి. మనిషి రాలేదు.

కర్మంతరాలు అయినాక మస్తానమ్మ ఆఫీసుకు పోయింది. "ఒట్టు పెట్టుకుని కూడా ఎందుకు తిప్పినావన్నా?"

"వినబడతా ఉందని వేలిముద్ర వేసింది నువ్వే కదా" అన్నాడు చెంచురామయ్య, అదే మెత్తని గొంతుతో. "కాగితం సమితిలో ఉంది. ఇప్పుడు కాదంటే ఎట్ట మే?"

నీచుకంపన్నామె మీద మస్తానమ్మకు కోపం లేదు. ఆమె అనాల్సింది మొహానే అనింది.

మర్నాటి నుంచి వార్తల వేళకు ఎండుచేపల గంప దించకుండానే వచ్చి, గొట్టం కింద నిలబడేది.

"అరుగు మీద కూర్చో మస్తానమ్మా" అన్నాడొకనాడు చెంచురామయ్య.

"వద్దులెండి ప్రెసిడెంటుగారూ."

గాలి కబురు చెప్పిందాకా నిలబడే వినింది. ఆ మాటే గడపగడపకూ చెప్పాలని పాలెం దారి పట్టింది.